చక్రవర్తి చేతి గరిటె

నేను ఒక ఇనుప గరిటెను. మూరెడు కాడ, చేరెడు గిన్నె, కాడ చివర గోడకు తగిలించడానికి చిన్న కొక్కెం. అంతకు మించి నా ఒంటి మీద చెప్పుకోదగ్గ అలంకారం ఏదీ లేదు. అంతమాత్రాన ఇంతేనా అనుకుని పక్క అద్దాల పెట్టె దగ్గరికి వెళ్లిపోకండి. ఆ పెట్టెలో ఉన్నవి పూసలు. ఎవరి మెడలోనో వేలాడటం తప్ప అవి జీవితంలో చేసిందేమీ లేదు. నేను ఒక చక్రవర్తిని తయారు చేశాను. సరే, తయారు చేశాననడం కాస్త ఎక్కువే. అతను తయారవుతున్నప్పుడు అతని చేతిలో ఉన్నాను. ఇంతకన్నా తక్కువ పనికి ఇంతకన్నా పెద్ద పేరు కొట్టేసిన మనుషుల్ని చాలామందిని చూశాను కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకోను.

నేను పుట్టింది రాచగుట్ట కింద, ఇనుము కరిగించే కొలుముల దగ్గర. రెండు వేల ఏళ్ల కిందటి మాట. నలభై మంది అక్కడ ఎర్రరాయి తవ్వి, బొగ్గు కాల్చి, తోలుతిత్తులతో గాలి కొట్టి ఇనుము తీసేవారు. వాళ్లందరికీ వండిపెట్టే మనిషి కొమరక్క. ఆమె మగడు బయ్యన కమ్మరి. రోజంతా బల్లేలు, గొడ్డళ్లు చేసేవాడు. కొయ్య గరిటెలు కుండ అడుగున మాడిపోతున్నాయి, ఒక ఇనుప గరిటె చేసిపెట్టమని కొమరక్క అడిగింది. రేపు చేస్తానన్నాడు. ఆ రేపు రావడానికి రెండేళ్లు పట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం బయ్యన ఆకలితో వచ్చి పంక్తిలో కూర్చుంటే, అతని విస్తరిలో సగం కాలిన కొయ్య గరిటె ఒక్కటే వడ్డించి కొమరక్క తర్వాతి విస్తరికి వెళ్లిపోయింది. నలభై మందీ కడుపు పట్టుకుని నవ్వారు. పొద్దు గూకేలోగా నేను పుట్టాను. అందుకే నాది ప్రేమ కొంత, భయం కొంత కలిసిన పుట్టుక.

కొమరక్కకు మేడన అని ఒక తమ్ముడు. వాళ్ల అమ్మ ఎర్రవ్వ. మేడన పుట్టిన రోజే ఆమె చనిపోయింది. పోతూ పోతూ ఒకే ఒక మాట అడిగిందట, "పిలగాడు ఏడ్చిండా?" అని. ఏడ్చాడని చెప్పాక కళ్లు మూసుకుంది. అప్పటికి కొమరక్కకు పన్నెండేళ్లు. తమ్ముణ్ణి చంకన వేసుకునే పొయ్యి రాజేసింది, చంకన వేసుకునే గంజి వార్చింది. మేడన నడక నేర్చింది కుండల మధ్య. పెద్దయ్యాక గాలి కొట్టడానికి పంపితే తిత్తి మీదే నిద్రపోయేవాడు. బల్లెం పట్టిస్తే దానితో చింతకాయలు కోసేవాడు. వంట మాత్రం చూడకుండానే చేసేవాడు. నా కాడ పట్టుకుని ఒకసారి కుండ అడుగు తాకించాడంటే, ఉలవచారు ఎంతసేపట్లో పొంగుతుందో చెప్పేసేవాడు.

కొమరక్క దగ్గర రెండు కట్టుబాట్లు ఉండేవి. వడ్డించేటప్పుడు విస్తరిని చూడాలి, తినేవాడి ముఖం చూడకూడదు. ముఖం చూస్తే చెయ్యి వంగుతుంది అనేది. రెండోది, గరిటె పట్టినవాళ్లు అందరి తర్వాతే తినాలి. ఈ రెండూ మేడనకు పాలతో పాటు తాగించింది. పాత రాజుగారి దండులో వంటవాడు కావాలని కబురొచ్చి, ఇరవయ్యేళ్ల మేడన బయలుదేరిన రోజున, ఆమె నన్ను గోడ మీంచి తీసి అతని చేతిలో పెట్టింది. తనకు మళ్లీ కొయ్య గరిటే గతి అని తెలిసీ పెట్టింది. బయ్యన మొహం చూడాలి అప్పుడు!

దండు వంటశాల అంటే మీరేదో ఊహించుకోవద్దు. మూడు రాళ్లు, పొగ, తిట్లు. పాత రాజుగారి కింద ఆరుగురు గుట్టల నాయకులు ఉండేవారు. ఒకరికొకరికి పడదు. ఒకడి మనుషులు తిన్నచోట ఇంకొకడి మనుషులు తినరు. వాళ్లందరినీ వేసుకుని రాజుగారు పక్కదేశం మీదికి వెళ్లారు. వెళ్లినంత వేగంగానూ వెనక్కి తరిమించుకుని పెద్దగట్టు కోటలో ఇరుక్కున్నారు. కింద చుట్టూ శత్రువులు. పైన ఎనిమిది వందల మంది. వానలు పడితే గానీ ఆ ముట్టడి వీడదు, వానాకాలానికి ఇంకా నలభై రోజులు. మూడో రోజు రాజుగారు సాయం తెస్తానని చెప్పి, దొడ్డిదారిన తన పెట్టెలతో సహా వెళ్లిపోయారు. ఆయన తెచ్చే సాయం కోసం నేను ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను.

ఆరుగురు నాయకులూ ఎవరి ధాన్యం వాళ్లు దాచుకుని, దాని మీద కత్తి పెట్టుకుని పడుకున్నారు. ఒకడి దగ్గర కొర్రలు, ఒకడి దగ్గర జొన్నలు, ఒకడి దగ్గర ఉత్త ఉప్పు. ఇంకో వారం అలాగే సాగితే శత్రువులు పైకి రానక్కర్లేకుండానే వీళ్లే ఒకళ్లనొకళ్లు పొడుచుకుని చచ్చేవారు. అప్పుడు మేడన నన్ను పట్టుకుని ముంగిట్లో నిలబడ్డాడు.

"ఉన్నదంత ఒక్కకాడ పొయ్యుర్రి. నేను వండుత, నేనే వడ్డిస్త. ఎవరికి ఎంతొస్తదో నా గరిటె చెప్తది. నమ్మకం లేకపోతే నన్ను మీ నడుమ కట్టేసుకొని తినుర్రి," అన్నాడు.

నాయకులకు ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు గానీ, వంటవాడి మీద నమ్మకం ఉంచక తప్పని స్థితి. అలా ఎనిమిది వందల మందికీ ఒకే గట్క, ఒకే అంబలి మొదలైంది. మేడన విస్తరిని చూసి పోసేవాడు. నాయకుడికీ నా గిన్నెడే, గుర్రాలు తోమేవాడికీ నా గిన్నెడే. ఆఖర్న కుండ గీకితే వచ్చింది తను తినేవాడు. కొన్ని రోజులు ఏమీ వచ్చేది కాదు. నా అంచు ఒకవైపు అరిగిపోయింది ఆ గీకుడుకే.

నా జీవితంలో నేను ఒకే ఒక మనిషిని కొట్టాను. అదీ అక్కడే. బొల్లన అని గుట్టల నాయకుల్లో పెద్దవాడు, పెద్ద మీసాలవాడు, పట్టపగలు కొర్రల గాదె దగ్గరికి వచ్చి ఒక పిడికెడు తీసి నడుముగుడ్డలో కట్టుకోబోయాడు. మేడన వెనకనుంచి వచ్చి నాతో అతని వేళ్ల మీద టంగుమని ఒకటి ఇచ్చాడు. బొల్లన కత్తి మీద చెయ్యి వేశాడు. అందరూ చూస్తున్నారు. మేడన నన్ను కిందికి దించాడు. "మామా, ఆకలైతే అడుగు, నా గిన్నెది నీకు పోస్త," అన్నాడు. బొల్లన కాసేపు గుడ్లురిమి చూసి, కొర్రలు మళ్లీ గాదెలో విదిలించి, వెళ్లిపోయాడు. తర్వాత కవులు దీన్ని మేడన ఒంటిచేత్తో వెయ్యిమందిని చావబాదిన యుద్ధంగా పాడారు. ఒక మనిషి, నాలుగు వేళ్లు. నేనే సాక్షిని.

ముప్పై ఎనిమిదో రోజుకు గాదె అడుగు కనబడింది. ఆకాశంలో మబ్బు లేదు. మేడన గాలి ఎటు వీస్తోందో చూశాడు. కోటలో మిగిలిన నువ్వులనూనె అంతా, ఆవాలన్నీ, వెల్లుల్లి గంపెడు, ఇంగువ ఎంతుంటే అంతా పోగేయించాడు. కోటగోడ మీద వరసగా పన్నెండు మూకుళ్లు పెట్టించి, అన్నిట్లో ఒకేసారి తాలింపు పెట్టాడు. లోపల తాలింపు వేయడానికి పప్పు లేదు, చారు లేదు, నీళ్లు మాత్రం ఉన్నాయి. ఆ చిటపటలు, ఆ ఘుమఘుమ గాలితో పాటు కిందికి దిగి శత్రువుల గుడారాల్లోకి నేరుగా దూరాయి. వాళ్లు పాపం నెల రోజులుగా ఎండు రొట్టెలు నములుతున్నారు. పైన వీళ్లు ఇలా విందులు చేసుకుంటుంటే ఎవరి కోసం ఈ కాపలా అని వాళ్లలో వాళ్లకు గొడవ పుట్టింది. మర్నాడు సగం మంది ఇళ్ల దారి పట్టారు. ఆ మర్నాడు మిగతావాళ్లు. నేను పుట్టాక చూసిన యుద్ధాల్లో చక్కటిది అదే. ఎవరూ చావలేదు, కొందరికి నోరూరింది అంతే.

వాన పడేదాకా నువ్వే పెద్ద అని నాయకులు మేడనకు చెప్పారు. వాన పడింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మేడన కూడా ఎత్తలేదు.

ఆ తర్వాత పదేళ్లు రాజ్యం పెరుగుతూ పోయింది. పొలిమేర తగాదా వస్తే మేడన రెండు ఊళ్లవాళ్లనూ ఒక పంక్తిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి తనే వడ్డించేవాడు. నోటినిండా సంకటి ఉన్నప్పుడు మనుషులు అరవలేరు, అది నేను గమనించిన సత్యం. తిన్నాక అరిచే ఓపిక ఉండదు. అలా చాలా ఊళ్లు కలిశాయి. అన్నీ అలాగే కలిశాయని చెబితే అబద్ధం అవుతుంది. యుద్ధాలు కూడా జరిగాయి. నన్ను తీసుకెళ్లేవారు కాదు. దండు తిరిగొచ్చిన రోజున వేసే విస్తళ్లు, వెళ్లిన రోజు వేసినవాటికన్నా తక్కువ ఉండేవి. ఆ రోజుల్లో మేడన వడ్డిస్తూ ఖాళీ చోటు దగ్గర ఆగిపోయేవాడు. ఎవరైనా ముందుకు నెడితే గానీ కదిలేవాడు కాదు.

దేశానికి హద్దుగా పారే ఏటికి ఇవతల అంతా ఒక్క గొడుగు కిందికి వచ్చాక పట్టాభిషేకం చేయాలన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. పట్టాభిషేకానికి వంశం కావాలి. వంశం రాయడానికి ఎక్కడినుంచో హరిదత్తుడనే భట్టుగారు వచ్చారు. మంచివాడే, నెయ్యి ఎక్కువ వాడతాడు అంతే. "తమ తల్లిదండ్రులు?" అని అడిగితే మేడన, "కొలుముల కాడ..." అని మొదలుపెట్టాడు. భట్టుగారు మొహం అదోలా పెట్టి, "ప్రభువులు అది నాకు వదిలెయ్యండి," అన్నారు. వారం తిరిగేసరికి తాటాకుల కట్ట తయారు. అందులో మేడన మేదినీవర్మ అయ్యాడు. ఒక తెల్లవారుజామున సూర్యకిరణం చెరువులో తామరను తాకగానే, తల్లి గర్భంతో పని లేకుండా నేరుగా అందులోంచి పైకి వచ్చాడు. తోబుట్టువులు లేరు. చేతిలో ఇనుప గద ఉంది. ఆ గద ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. నేను సిగ్గుతో తుప్పు పట్టలేదంటే అది కొమరక్క పూసిన ఆముదం చలవ.

మేడన నవ్వాడు. కానీ ఆపలేదు. పైగా రెండోసారి చదవమన్నాడు. మనుషుల్లో నాకు అర్థం కానిది ఇదే. ఉలవచారులో ఉప్పు ఒక పలుకు ఎక్కువైతే పసిగట్టే మనిషి, తన గురించి అబద్ధం చెబుతుంటే మాత్రం లొట్టలు వేస్తాడు. పాటగాళ్లు ఆ కథ పట్టుకుని ఊరూరా తిరిగారు.

రాచగుట్ట అంగట్లో ఉప్పు కొంటూ కొమరక్క ఆ పాట విన్నదట. మొదటినుంచి చివరిదాకా నిలబడి విన్నదట. ఉప్పు మాత్రం అక్కడే మరిచి వెళ్లిపోయిందట. ఇదేదీ మాకు అప్పటికి తెలియదు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. కొత్త ఇల్లు గానీ, కొత్త బావి గానీ, కొత్త పెళ్లి గానీ ఇంటి ఆడపడుచు చెయ్యి పడనిదే మొదలు కాదు. రాజుకైనా అంతే. మొదటి కడవ నీళ్లు ఆడపడుచు పోసి బొట్టు పెట్టాలి. ఆ తర్వాతే నాయకులు తమ కత్తులు తెచ్చి రాజు పాదాల దగ్గర పెడతారు. వంశం రాసే హడావుడిలో పరాయి దేశపు భట్టుగారికి ఈ సంగతి తెలియలేదు. తెలిసిన మేడనకు పొగడ్తల మత్తులో తట్టలేదు. రాజ్యమంతా తనకు అక్కచెల్లెళ్లు లేరని చాటించుకున్నాక, ముహూర్తానికి రెండు రోజుల ముందు, ఆడపడుచును పిలవడానికి బండి పంపాడు. బండి ఖాళీగా వచ్చింది.

బండితో వెళ్లినవాడు నేలచూపులు చూస్తూ కబురు చెప్పాడు. "సూర్యుని కొడుకట గద, ఆయనకు నేనేమైత? దారి తప్పినట్టున్నరు, పోయి వేరే ఇల్లు అడుగుర్రి అన్నది దొరా."

మేడన మొహం మాడిపోయింది. భట్టుగారు మాత్రం చలించలేదు. "చింత వద్దు ప్రభూ. శాస్త్రం ప్రకారం నది సూర్యుడి కూతురు. అంటే మన ఏరు తమకు అక్కే. ఏటి నీళ్లు పోస్తే ఆడపడుచు పోసినట్టే," అన్నారు.

గుట్టల నాయకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బొల్లన మీసం మీద చెయ్యేసి ముందుకొచ్చాడు. "మంచిగున్నది పంతులూ. ఏరొచ్చి బొట్టు పెడ్తదా? ఏటికి కట్నం చీర ఏ కొలతల నేపిస్తవు?" అందరూ నవ్వారు. కానీ నవ్వు ఆగాక బొల్లన గొంతు మారింది. "మేడనా, ఎల్లుండి పొద్దు గూకేలోపల ఆడపడుచు రావాలె. రాకపోతే ఎవరి కత్తి వాళ్లం మొలకు కట్టుకొని ఎవరి గుట్టకు వాళ్లం పోతం. మా ఆచారం అది. నీ మీద కోపం గాదు."

అందరికీ తెలుసు, ఆ కత్తులు మొలకు తిరిగి చేరితే మళ్లీ ఎవరి ధాన్యం వాళ్లది, ఎవరి కోట వాళ్లది. పదేళ్ల పని ఒక్క వారంలో కరిగిపోతుంది. మేడన లోపలికి వెళ్లి, తలపాగా తీసి పక్కన పెట్టి, నన్ను కొక్కెం మీంచి తీసుకున్నాడు. గుర్రం ఎక్కలేదు. మర్నాడు పొద్దున బయలుదేరి గుట్టల మధ్య నడిచి, సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకు కొలుముల దగ్గరికి చేరాడు. నేను పుట్టిన చోటు చూసి ఎన్నేళ్లయిందో. తిత్తుల చప్పుడు అలాగే ఉంది.

పంక్తి కూర్చుని ఉంది. కొమరక్క జుట్టు సగం తెల్లబడింది. చేతిలో కొయ్య గరిటె. తమ్ముణ్ణి చూసింది, చూడనట్టే కుండ వైపు తిరిగింది.

"తినటానికొచ్చినవా, కూసో. మాట్లాడటానికొచ్చినవా, ఆగు. పంక్తి లేవలేదు."

మేడన కూర్చోలేదు. ఆమె చేతిలోని కొయ్య గరిటె మెల్లిగా తీసుకుని పక్కన పెట్టి, నన్ను కుండలో ముంచాడు. ఒక్కొక్క విస్తరి దగ్గరికి వంగి వడ్డిస్తూ పోయాడు. కొలిమి మనుషులు నోరు వెళ్లబెట్టి చూశారు. బయ్యన తన విస్తరి చేత్తో జరిపి, "నాకు కొయ్య గరిటె వడ్డించకురా," అన్నాడు. కొమరక్క కాసేపు నిలబడి చూసింది. ఆ తర్వాత పంక్తి చివర ఒక మోదుగాకు విస్తరి వేసుకుని కూర్చుంది. ఆమె పంక్తిలో కూర్చోవడం ఆ నలభై మందిలో ఎవరూ అంతకు ముందు చూడలేదు.

మేడన ఆమె విస్తరి దాకా వచ్చి ఆగాడు. తల ఎత్తబోయాడు.

"ముఖం చూడకు. విస్తరి చూసి పొయ్యి," అంది.

విస్తరి చూసి ఉలవచారు పోశాడు. అతని కళ్లలోంచి రెండు చుక్కలు అందులో పడ్డాయి. "ఉప్పు నేనేసిన, మళ్ల వేస్తున్నవెందుకు?" అంది కొమరక్క.

"తప్పయింది అక్కా. నువ్వు లేవని రాయించిన. నన్ను తిట్టు, కొట్టు. రమ్మంటే రా."

కొమరక్క ముద్ద కలపడం ఆపింది. "నేను లేనని రాస్తే రాసుకో. నాకేం బాధ లేదు, నేను బతికే ఉన్న, నా పొయ్యి నాకున్నది. అమ్మనెట్ల తీసేసినవురా? నిన్ను కని పాణం ఇడిసింది. పిలగాడు ఏడ్చిండా అని అడిగి పోయింది. తల్లి కడుపుతోని పనిలేకుంట పుట్టినవా నువ్వు? ఆ మాట అంగట్ల నిలబడి వింటుంటే నాకెట్లుండె? సూర్యుడు అడిగిండా నిన్ను, ఏడ్చినవా అని?"

నలభై మందిలో ఎవరూ నమలడం లేదు. మేడన నన్ను పట్టుకునే కింద కూలబడిపోయాడు. చక్రవర్తి ఏడుపు మామూలు మనుషుల ఏడుపులాగే ఉంటుంది, ముక్కు కూడా కారుతుంది. నాకు చాలా బాధ వేసింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

"ఏం చెయ్యమంటవు?" అన్నాడు చివరికి.

"ఆ నాయకులందరి ముందట, నీ నోటితోని అమ్మ పేరు చెప్పు. వాళ్లు కత్తులు పెడ్తరో, తీసుకపోతరో పోనియ్యి. చెప్తానంటే వస్త. లేకపోతే తిని పో."

మేడనకు ఆ మాట చిన్నది కాదు. రాజ్యంలో సగం ఊళ్లు అప్పటికే సూర్యుడి కొడుకు పేరు చెప్పి దండం పెడుతున్నాయి. బొగ్గు మసిలో పుట్టినవాడినని తన నోటితో అంటే ఎవరు ఎటు పోతారో తెలియదు. అందరూ లేచాక, కుండ గీకి మిగిలింది తిని, చెయ్యి కడుక్కుని, "చెప్త. నడువు," అన్నాడు.

ముహూర్తం రోజున ముంగిట్లో ఇసకేస్తే రాలనంత జనం. భట్టుగారు తాటాకులు విప్పి, గొంతు సవరించుకుని, "సూర్యకిరణ సంభూతుడైన" అని అందుకున్నారు. మేడన చెయ్యి ఎత్తి ఆపాడు. పీట మీంచి లేచాడు. నన్ను నడుముకు దోపుకుని ఉన్నాడు గనక అతని గుండె ఎలా కొట్టుకుంటోందో నా కాడకు తగులుతోంది.

"నన్ను ఏ సూర్యుడు కనలేదు," అన్నాడు. "నన్ను కన్నది ఎర్రవ్వ. రాచగుట్ట కొలుముల కాడ రాయి మోసిన మనిషి. నన్ను కని సచ్చిపోయింది. సాకింది ఈమె, మా అక్క కొమరక్క. ఇద్దరూ లేరని రాస్తుంటే నాకు తియ్యగుండె, ఊకున్న. అది నా తప్పు. నేను వంటోన్ని. ఇష్టమున్నోళ్లు ఉండుర్రి, లేనోళ్లు పోయినా నా పగ లేదు."

భట్టుగారి చేతిలో తాటాకులు జారిపోయాయి. ఆరుగురు నాయకులూ కదల్లేదు. బొల్లన తన కుడిచెయ్యి పైకెత్తి వేళ్లు ఆడించి చూపించాడు. రెండు వేళ్లు ఇప్పటికీ సరిగ్గా వంగవు.

"వంటోనివని మాకెరుక లేదా? నలభై దినాలు నీ అంబలి తాగి బతికినం. సూర్యుడు దిగొచ్చి వండుతున్నడు అనుకున్నమా? సూర్యుని కొడుకు నా వేళ్ల మీద గరిటెతోని కొడ్తడా?" అని పకపకా నవ్వాడు. "నువ్వే మరిచినవు మేడనా. మేం మరువలే." కొమరక్క వైపు తిరిగి చేతులు జోడించాడు. "పొయ్యమ్మా నీళ్లు. నిలబడి కాళ్లు గుంజుతున్నయి."

కొమరక్క కడవ ఎత్తింది. పసుపునీళ్లు తమ్ముడి నెత్తిన పోసింది. బొట్టు పెట్టి, చెవిలో నీళ్లు పోయాయేమోనని కొంగుతో తుడిచింది. ఆరుగురు నాయకుల కత్తులూ అతని పాదాల దగ్గర ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. మేడన చక్రవర్తి అయింది ఆ క్షణంలోనే. ఆ మధ్యాహ్నం విందులో అతనే వడ్డించాడు. నాకు ఊపిరి సలపలేదు. భట్టుగారు మూడుసార్లు నెయ్యి వేయించుకుని, తర్వాత భయంభయంగా కొమరక్క దగ్గరికి వచ్చి, ఎర్రవ్వ అంటే ఎర్రని నేల తల్లి, భూదేవి అంశ అని రాసుకోవచ్చా అని అడిగారు. ఆమె చూసిన చూపుకు వచ్చిన దారినే వెళ్లిపోయారు. ఎర్రవ్వ అనే రాశారు. చేతిరాత కొంచెం వంకరగా వచ్చింది.

మేడన మరో ముప్పై ఏళ్లు ఏలాడు. చెరువులు తవ్వించాడు, బాటల పక్క పెద్ద పొయ్యిలు కట్టించాడు, ఏటి అవతలిదాకా వెళ్లాడు. అతని కొడుకులు, మనవలు ఇంకా చాలాకాలం ఏలారని విన్నాను. నాకు తెలియదు, ఎందుకంటే అప్పటికి నేను అక్కడ లేను. కొమరక్క చనిపోయిన రోజున మేడన, నెరిసిన జుట్టుతో, మళ్లీ అదే దారిన నడిచి వచ్చాడు. చక్రవర్తులకు కట్టేంత పెద్ద రాతి సమాధి కట్టించాడు. పది జతల ఎద్దులు లాగిన బండను పైన కప్పించే ముందు, లోపలికి దిగి, ఆమె చేతి పక్కన నన్ను పెట్టాడు. "నీదే గదక్కా, ఇన్నేండ్లు నా తాన ఉండె," అన్నాడు. నా గిన్నెలో అరచెయ్యి పెట్టి కాసేపు ఉండిపోయాడు. ఆ తర్వాత పైకి ఎక్కాడు. బండ మూసుకుంది.

లోపల అంత బాధేమీ లేదు. కొమరక్క పక్కన ఉన్నాను. మనుషులు పైన ఏవేవో రాజ్యాలు కట్టారట, పడగొట్టారట. ఆ బండను చూసి రాకాసి గుడి అన్నారట. మేడన కోట రాళ్లు ఊళ్లవాళ్లు ఇళ్ల గోడలకు వాడేశారు. తాటాకులు చెదలు తిన్నాయి. భట్టుగారి వంకర రాతా పోయింది, నున్నటి రాతా పోయింది. మేడన అనే మనిషి ఉండేవాడని చెప్పే ముక్క ఈ భూమ్మీద ఒక్కటి కూడా మిగల్లేదు.

కొన్నేళ్ల కిందట తవ్వకాలవాళ్లు వచ్చి బండ తీశారు. నన్ను మెత్తటి కుంచెతో తుడిచారు, ఏదో ద్రవంలో నానబెట్టారు, ఈ అద్దాల పెట్టెలో తెల్లటి గుడ్డ మీద పడుకోబెట్టారు. పుట్టాక ఇంత సుఖపడింది లేదు. గది ఊడ్చే సుక్కమ్మ అనే ఆమె ఒక్కతే నన్ను సరిగ్గా చూస్తుంది. మొన్న అద్దం తుడుస్తూ వంగి నా అంచు వైపు చూసి, తలుపు దగ్గర కుర్చీలో ఉన్న కాపలా ఆయన్ను పిలిచింది.

"ఓ సారూ, గీడ రాణి సమాధిల దొరికింది అని రాసిర్రు గద. ఏ రాణి గరిటె గిట్ల ఒక్కదిక్కు అరుగుతది? ఇది కుండ గీకిన గరిటె. మా ఇంట్ల ఉన్నది గిట్లనే ఉంటది."

"పెద్ద బండ కప్పిర్రంటే రాణే అయి ఉంటదమ్మా. సార్లు సదువుకున్నోళ్లు," అన్నాడు ఆయన.

నేను ఎవరినీ తప్పు పట్టను. కొమరక్కను రాణి అన్నందుకు నాకు నవ్వొచ్చింది గానీ కోపం రాలేదు. వింటే ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నన్ను నొప్పించింది ఒక్కటే, ఆ చీటీ మీద రెండో వరుస. సమాధిలోని స్త్రీ పేరు తెలియదు అని రాశారు. మీ దగ్గర కలం ఉంటే రాసుకోండి. ఆమె పేరు కొమరక్క. ఎర్రవ్వ పెద్ద కూతురు. ఆమెకు మేడన అని ఒక తమ్ముడు ఉండేవాడు, ఆయన ఏదో రాజ్యం ఏలాడు.